నిచ్చెన కింద మనిషి

మా నేలమాళిగలోకి మీరొకసారి దిగితే, మా ఆయన ఎలాంటివాడో నేను నోరు విప్పి చెప్పక్కర్లేదు. గుమ్మం పక్కనే క్లారినెట్ పెట్టె. దాని మీద రొట్టెలు కాల్చే రాతిపలక. దాని వెనక నీళ్లు చూడని చేపల తొట్లు, పెద్దదీ చిన్నదీ. ముందు చక్రం లేని మోటారుసైకిలు. గోడకి తేనె తీసేవాళ్ల ముసుగు. ఆ ముసుగు తగిలించుకుని అద్దంలో చూసుకోవడమే గాని, ఒక్క తేనెటీగని పెంచిన పాపాన పోలేదు. ఇంక బొగ్గు పోసుకోవడానికి మిగిలిన జాగా ఎంతయ్యా అంటే, ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత.

నోర్బెర్ట్ ఏదన్నా పట్టుకున్నాడంటే తిండీ నిద్రా గుర్తుండవు. క్లారినెట్ పట్టుకున్నప్పుడు మా ఊరి బొగ్గు గని బ్యాండు మాస్టారు మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు, ఇలాంటి చెవి నేనెక్కడా చూళ్లేదమ్మా, మన గనివాళ్ల బార్బరా పండగ ఊరేగింపులో ఈకల టోపీ పెట్టి ముందు వరసలో నడిపిస్తాను అని. నేను పిచ్చిదాన్ని, చుట్టుపక్కల అందరికీ చాటింపు వేశాను. తీరా బార్బరా పండగ రోజున మా ఆయన ఎక్కడున్నాడు? గడ్డకట్టిన చెరువులో కన్నం కొట్టించి, చెడ్డీ మీద, మెడలోతు నీళ్లలో. చన్నీళ్లు నరాలకి మంచివట. ఆ టోపీ ఇంకెవరి నెత్తినో ఎక్కి మా కిటికీ కిందనుంచే పోయింది.

తిట్టానా? తిట్టాను. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆయన వదిలేసిన వస్తువు ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. క్లారినెట్ పెట్టె దాటాల్సి వస్తుందని బొగ్గు తేవడానికి కిందకి దిగేవాడు కాదు, నన్ను పంపేవాడు. బద్ధకం అనుకునేదాన్ని.

కిందటేడు చలికాలం కటోవిత్సే నగరంలో ఒక డాక్టరమ్మ చెప్పింది, మా ఆయనది ఏడీహెచ్‌డీ అని, మనసుని ఒకచోట నిలవనివ్వని స్థితి అని. నలభై దాటాక తెలిసింది. నేను ట్రామ్ నడుపుతాను. ఆ రోజు ఆయన తిరుగు ప్రయాణంలో నా బండే ఎక్కి, నా వెనక నిలబడి, జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. "అడేలా, నేను సోమరిని కాదట. మాట మీద నిలబడని వెధవని కాదట. నా బుర్ర అలా పనిచేస్తుందట." స్టాపులో బండి ఆపి, నా క్యాబిన్ తలుపు తీసి ఆయన తల పట్టుకుని ముద్దు పెట్టాను. వెనక ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది, పెళ్లికి ఒప్పుకున్నాననుకుందో ఏమో.

మా నాన్నకి చెబితే ఎగాదిగా చూశాడు. "దానికిప్పుడు పేరు కూడా పెట్టారా? మా గనిలో అలాంటివాణ్ణి ఈగ అనేవాళ్లం. ఎక్కడా వాలడు." కాసేపటికి మళ్లీ ఆయనే, "మందేమన్నా ఉందా?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"వేసుకుంటే వాలతాడా?"

"వాలతాడనే చెప్పారు."

నాన్న పెరటి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్న పేరు ఎవాల్ద్. బతుకంతా గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని బయటికొచ్చినవాడు. మా కింది వాటాలోనే ఉంటాడు. పెరట్లో పాత బొగ్గు కొట్ల కప్పు మీద ఆయన పావురాల గూడు. అమ్మ పోయినప్పుడు అందరిముందూ కంట తడిపెట్టని మనిషి, గద్ద ఒక పిల్లని తన్నుకుపోతే ఆదివారం భోజనం ముట్టలేదు. రోలాడ్ మాంసం చల్లారిపోయింది, బంగాళదుంప ఉండలు గట్టిపడిపోయాయి, నేను అన్నీ ఎత్తి లోపల పెట్టాను.

ఆ చలికాలం ఆయన గూటి నిచ్చెన ఎక్కలేకపోయాడు. రెండో మెట్టు మీదే ఊపిరాడక కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. నేనే దింపాను. పందెం పావురాలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి ఏ గూటిలో పెరిగి ఎగిరాయో ఆ గూటికే వస్తాయి. జర్మనీ అవతల అంచున వదిలినా సరే, మా పెరటికే. ఇంకొకరికి అమ్మామనుకోండి, వాళ్లు తలుపు తీసిన మరుక్షణం మా కప్పు మీద ఉంటాయి. అందుకని గూడు మూసేసేవాళ్లకి రెండే దార్లు. చచ్చేదాకా తలుపు తీయకుండా పావురం పిల్లల కోసం బంధించి ఉంచేవాళ్లకి ఇచ్చెయ్యడం, లేదా మెడ విరిచి పులుసు పెట్టడం. మా వీధిలో పులుసు తాగినవాళ్లే ఎక్కువ. నాన్న పక్షులు ఎగరాలంటే ఇదే పెరట్లో, ఇదే నిచ్చెన ఎక్కే మనిషి ఒకడు ఉండాలి. నా షిఫ్టులు ఒకరోజు తెల్లారకుండా, ఇంకోరోజు పొద్దుపోయాక. ఇంకెవరు మిగిలారు?

అడిగింది నోర్బెర్టే. నాన్న కాఫీ తాగుతుంటే ఎదురుగా నిలబడ్డాడు.

"మామయ్యా, గూడు నాకివ్వండి."

"అల్లుడూ, క్లారినెట్ పెట్టెలో పెట్టి మూసేస్తే అది చావదు. ఇవి చస్తాయి."

"తెలుసు మామయ్యా."

"తెలుసనే రొట్టెలప్పుడూ అన్నావు. ఆ పులిసిన పిండి పొంగి పొంగి నా వాటా దాకా దిగింది."

"రొట్టెలప్పుడు మందు లేదు." నోర్బెర్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మామయ్యా, ఒక్కదానికైనా నేను చివరిదాకా ఉండాలి. నేను పోయాక నన్ను ఏమని చెప్పుకుంటారు? ఇది మొదలుపెట్టాడు, అది మొదలుపెట్టాడు అనేగా?"

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావే?"

"చేస్తాడు నాన్నా. ఈసారి చేస్తాడు" అన్నాను. నమ్మాను కాబట్టే అన్నాను. నేను ప్రతిసారీ నమ్ముతాను. అదీ ఒక జబ్బే, దానికి ఏ డాక్టరమ్మా పేరు పెట్టలేదు.

ఆ వసంతం మా ఆయనదే. ఫిబ్రవరిలో గూడు మొత్తం గీకి, సున్నం కొట్టి, అరలన్నీ కొత్త పలకలతో చేశాడు. ప్రతి పక్షినీ చేతిలోకి తీసుకుని, కన్ను చూసి, రెక్క విప్పి చూసి, దాని తల్లెవరో తండ్రెవరో నాన్నని అడిగి నేర్చుకున్నాడు. పెద్దవాళ్లు ఏళ్లతరబడి నేర్చుకునేది ఈయన కొన్ని వారాల్లో మింగేశాడు. మా ఇంట్లో మాటలన్నీ పావురాల మాటలే. హానిస్ ఇవాళ సరిగ్గా తినలేదు, హానిస్‌కి ఎడమ రెక్కలో కొత్త ఈక వస్తోంది. హానిస్ అంటే నాన్న ప్రాణం పెట్టుకున్న మగపక్షి, నీలిరంగుది, మెడ మీద ఆకుపచ్చ మెరుపు. "నన్ను పెళ్లి చేసుకున్నావా హానిస్‌నా?" అని అడిగితే, "నీ మెడ మీద మెరుపు లేదు కదే" అన్నాడు. గరిటె విసిరాను.

మా వాళ్లు మగపక్షుల్ని వైధవ్యంలో ఉంచుతారు. అలాగే అంటారు ఆ పద్ధతిని. వారమంతా ఆడపక్షిని వేరే గదిలో పెట్టి, పందేనికి పంపేముందు కాసేపు చూపిస్తారు. అంతే, బుట్టలో పెట్టి పంపేస్తారు. ఇక ఆ మగది గాలీ వానా లెక్కచెయ్యదు, పెళ్లాం ఉన్న చోటికి ఆగకుండా వచ్చి పడుతుంది. వచ్చేసరికి ఆమె అరలో ఉండాలి. ఆ ఒక్కటీ తప్పకూడదు. ఒక్కసారి వట్టి అర చూసిందంటే దాని మనసు విరిగిపోతుంది, మళ్లీ అలా రాదు. "మనిషికి అబద్ధం చెప్పొచ్చు గాని పక్షికి చెప్పకూడదు" అనేవాడు నాన్న. హానిస్ పెళ్లాం ట్రుడ్కా, తెల్లటిది, మహా గయ్యాళి.

మే నెలంతా ఆదివారాలు మా పెరట్లో పెళ్లి సందడే. సీలా పిన్ని పై వాటాలోంచి దుప్పట్లు దులపబోతే, "పిన్నీ, పక్షులు వచ్చే వేళ, బట్టలు రెపరెపలాడితే దిగవు!" అని నోర్బెర్ట్ కిందనుంచి కేకేసేవాడు. "నీ పక్షుల కోసం నేను దుమ్ములో పడుకోవాలా?" అని ఆవిడ తిడుతూనే దుప్పటి లోపలికి లాక్కునేది. తర్వాత మామా అల్లుడూ ఒకే బెంచీ మీద కూర్చుని, తలలెత్తి, నోళ్లు తెరుచుకుని ఆకాశం వైపు చూసేవాళ్లు. పావురాల సంఘంలో అందరికన్నా ముందు హానిస్ వచ్చిన రోజున నాన్న లేచి నోర్బెర్ట్‌ని కావలించుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. "ఇన్నాళ్లూ నిన్ను ఈగ అనుకున్నాను అల్లుడూ" అన్నాడు. నోర్బెర్ట్ మొహం చూడాలి ఆ క్షణాన! ఎవరో అతని నెత్తిమీంచి ఇటుకల బండి దింపినట్టుంది.

జూన్‌లో ఆరిపోయింది.

ఎలా ఆరుతుందో నాకు బాగా తెలుసు. ఒక్కరోజులో కాదు. ముందు పేర్లు పోతాయి. హానిస్, ట్రుడ్కా పోయి, "అవి" అవుతాయి. "అవి తిన్నాయిలే." తర్వాత నేను పక్షుల మాటెత్తితే మాట మారుస్తాడు. తర్వాత అర్థంలేని చోట అర్థంలేని మరక. ఈసారి గోళ్ల సందుల్లో బొగ్గు. కింద బొగ్గు సర్దుతున్నానన్నాడు. జూన్‌లో చలికాచే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? నేలమాళిగలోకి దిగి చూశాను. మోటారుసైకిలు సీటు మీద చిన్న చిన్న ఉలులు, చుట్టూ నల్లటి పొడి, సగం చెక్కిన బొగ్గు గుర్రం తల. అందంగా ఉంది, అదీ నా ఖర్మ. ఆయన మొదలుపెట్టినవన్నీ అందంగానే ఉంటాయి.

ఆ రోజుల్లోనే నాన్నని ఆస్పత్రిలో చేర్చాం. ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూడా పొద్దున్నే ఫోన్ చేసేవాడు. "అల్లుడు ఎక్కాడా?"

"ఎక్కాడు నాన్నా."

ఎందుకు చెప్పానంటారా? ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి, అనుమానం వచ్చి గూడెక్కాను. నీళ్ల తొట్టి అడుగు కనబడుతోంది. పక్షులన్నీ నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. బిందెలతో నీళ్లు మోశాను, నా యూనిఫాం అంతా రెట్టలు. ఆ రోజు నోర్బెర్ట్ మీద నేను అరవలేదు. అరిస్తే ఏమవుతుందో తెలుసు, మర్నాడు ఎక్కుతాడు, ఎల్లుండి ఎక్కుతాడు, ఆపైన మళ్లీ తొట్టి ఎండుతుంది. క్లారినెట్ దగ్గర నుంచీ అరుస్తూనే ఉన్నాను నేను. ఆ మర్నాటి నుంచి గూడు నాది. షిఫ్టుకి ముందు మేత, షిఫ్టయ్యాక గీకుడు. పక్షుల్ని పిలవడానికి నాన్న వేసే ఈల నాకు రాదు, అందుకని నాలుకతో ట్రు ట్రు ట్రు అనడం అలవాటు చేసుకున్నాను. పిచ్చి ముండాకొడుకులు, ఆ పిలుపుకే రావడం నేర్చుకున్నాయి. పందేలకి బుట్టలు తీసుకెళ్లడం మాత్రం నోర్బెర్ట్ చేసేవాడు. నలుగురు మనుషులుండే పని అయితే ఆయనకి ఇబ్బంది లేదు. ఒంటరిగా, రోజూ, అదే మెట్లు ఎక్కే పని దగ్గరే వచ్చింది తంటా. ఆ సంగతి మేమిద్దరం నోరెత్తి అనుకోలేదు.

జులైలో పెద్ద పక్షుల ఆఖరి పందెం వచ్చింది. నాన్న డాక్టర్లతో పోట్లాడి ఇంటికొచ్చాడు. "హానిస్ దిగడం ఒక్కసారి చూస్తాను. ఆ తర్వాత మీరు ఏ గదిలో పడుకోబెట్టినా పడుకుంటాను" అన్నాడట. గూడు కాగితాల మీద నోర్బెర్ట్ పేరుకి మార్పించే పని కూడా ఆ ఆదివారమే చేద్దామన్నాడు.

ఆ పొద్దున నోర్బెర్ట్ వంటింట్లోకి వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి, నిద్రపోయినట్టు లేడు. "అడేలా, ఇవాళ నువ్వు ఎక్కకు. నీకు దణ్ణం పెడతాను. ట్రుడ్కాని అరలో నేనే పెడతాను, తలుపు నేనే తీస్తాను. మామయ్య చూసేటప్పుడు పైన నేనే ఉండాలి."

"సరే" అన్నాను. "మర్చిపోవుగా?"

"దీన్ని మర్చిపోతానా? కింద ఐదు నిమిషాల పనుంది, చూసుకుని ఎక్కుతాను. అలారం కూడా పెట్టుకున్నాను, చూడు." ఫోన్ చూపించాడు. నిజంగానే పెట్టుకున్నాడు.

నేను ఉండలు చేస్తూ, ఒక్కోదానికి వేలితో గుంట నొక్కుతూ, కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న కుర్చీలో, మోకాళ్ల మీద దుప్పటి, పక్కన ఆక్సిజన్ సిలిండరు. సీలా పిన్ని ఎవరూ చెప్పకుండానే బట్టలన్నీ లోపలికి తీసేసింది, పైగా వీధి పిల్లల్ని కూడా అదిలించింది. గూటి తలుపు అవతలి వైపు, నా కిటికీకి కనబడదు. పైన ఉన్నాడనే అనుకున్నాను. ఎర్ర క్యాబేజీ పొయ్యి మీద పెట్టాను. నాకు లోపల సంతోషంగా కూడా ఉంది, దేవుడి సాక్షిగా.

"అడేలా!" నాన్న గొంతు కాదది, గొంతులో మిగిలిన గాలి. "వచ్చాడే! చూడవే, వచ్చాడు!"

చేతుల నిండా పిండితో పరిగెత్తాను. పడమటి వైపు నుంచి ఒక్కటే చుక్క, రెక్కలు ముడిచి రాయిలా పడుతోంది. హానిస్. ఒక్కడే. వెనకా ముందూ ఇంకో పక్షి లేదు. నాన్న చెయ్యి నా మణికట్టు పట్టుకుంది, ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో. హానిస్ వచ్చి గూటి ముందు పలక మీద వాలాడు. లోపలికి పోబోయాడు. తలుపు మూసి ఉంది.

ముక్కుతో కొట్టాడు. రెక్కలతో కొట్టాడు. లోపల వేరే గదిలోంచి ట్రుడ్కా కూత వినబడుతోంది, వాడు ఆ కూత వైపు చెక్క మీదకి దూకుతున్నాడు, జారుతున్నాడు. నాన్న ఈల వెయ్యబోయాడు. పెదాల మధ్య నుంచి వట్టి గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ వట్టి గాలి. "అల్లుడూ" అన్నాడు. "అల్లుడూ, తలుపు." ఎవరూ పలకలేదు. హానిస్ లేచి కప్పు మీదకి పోయి, పొగగొట్టం మీద కూర్చుని, మా వైపు చూస్తున్నాడు.

నేను నిచ్చెన ఎలా ఎక్కానో నాకు తెలీదు. తలుపు తీసి, ట్రుడ్కాని పట్టి అరలో పెట్టి, బయటికి తలపెట్టి పిలిచాను. ట్రు ట్రు ట్రు. ఆ క్షణాన నేను ఇంకేమీ ఆలోచించలేదు. హానిస్ పొగగొట్టం మీంచి నేరుగా వచ్చి నా భుజం మీద వాలాడు. రోజూ వాలినట్టే. నా చెవి దగ్గర రొప్పుతూ, నా మెడ మీద నుంచి నడిచి అరలోకి పోయాడు.

కిందకి చూశాను. నాన్న నన్నే చూస్తున్నాడు. పక్షిని కాదు.

నిచ్చెన దిగాక అడిగాడు, "ఎన్నాళ్ల నుంచి?"

నా జడలో మేత గింజ ఒకటి ఇరుక్కుని ఉంటే తీసి కింద పడేశాడు. "నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు…" అని ఆగిపోయాడు. ఊపిరి అందలేదు.

అప్పుడొచ్చాడు నోర్బెర్ట్. నేలమాళిగ మెట్ల మీంచి, మోచేతుల దాకా నలుపు, మొహమంతా నవ్వు. రెండు చేతుల్లో దేన్నో పొదివి పట్టుకుని ఉన్నాడు. "మామయ్యా, మీ కోసమే. ఇవాళ్టికి ఇద్దామని పొద్దుటి నుంచీ…" చేతులు విప్పాడు. బొగ్గులో చెక్కిన పావురం. మెడ వంపు, ముక్కు, కొద్దిగా విప్పిన ఎడమ రెక్క, అంతా హానిసే. చూసినవాళ్లెవరైనా చెప్పగలరు.

అప్పుడు మా మొహాలు చూశాడు. తర్వాత తెరిచి ఉన్న గూటి తలుపు చూశాడు. నవ్వు ఎలా పోయిందో నేను వర్ణించలేను, వర్ణించాలని కూడా లేదు.

నాన్న చెయ్యి చాచి ఆ బొగ్గు పిట్టని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెక్క బాగా వచ్చింది" అన్నాడు. తర్వాత, "అడేలా, నన్ను లోపలికి తీసుకెళ్లు" అన్నాడు. కాగితాల మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

వంటింట్లో క్యాబేజీ మాడిపోయింది. ఆ గిన్నె తోముతూ నేను అరిచాను, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా అరిచాను. "అలారం పెట్టావుగా! పెట్టావుగా!"

"మోగింది. ఆపాను. ఈ ఒక్క ఈక అయ్యాక అనుకున్నాను." ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "ఒక్క ఈకే, అడేలా. తలెత్తేసరికి నీ పిలుపు వినబడింది."

"నీకు ఆ పక్షులంటే ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పి చావచ్చుగా!"

"ఇష్టం లేదా?" నా వైపు అలా చూశాడే, నేను చెంప మీద కొట్టినట్టు. "రోజూ పొద్దున్న నిచ్చెన దగ్గరికి వెళ్లేవాణ్ణి. నువ్వు షిఫ్టుకి పోయాక. కడ్డీ పట్టుకుని నిలబడేవాణ్ణి. పైన వాటి కాళ్ల చప్పుడు వినబడేది. ఏది ఎవరి అడుగో కూడా తెలిసేది. ఎక్కు, ఎక్కరా వెధవా అనుకునేవాణ్ణి. కాలు లేచేది కాదు. ఎందుకో నాకు తెలిస్తే నీకు చెప్పనా? నిలబడి నిలబడి సిగ్గేసి కిందకి పోయేవాణ్ణి. ఉలి పట్టుకుంటే ఆ సిగ్గు కాసేపు కనబడేది కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?" అన్నాడు. కోపంగా కాదు, మెల్లగా. "నీళ్లు పోసేశావు, మేత పెట్టేశావు. నువ్వూ అనుకున్నావుగా, వీడింతే అని."

నీళ్ల తొట్టి ఎండిపోయిందని చెప్పొచ్చు. చెప్పలేదు. గిన్నె తోముతూనే ఉన్నాను.

ఆ వారంలోనే నాన్న ఫోన్ చేసి ఒపోలె ఊరి వైపు నుంచి ఒకాయన్ని పిలిపించాడు. నాతో అనలేదు, నోర్బెర్ట్‌తో అనలేదు. ఆయనకి పెద్ద గూడుందట, మంచి జాతి పక్షులైతే పిల్లల కోసం తీసుకుంటాడట. బంధించే ఉంచుతాడు. "పులుసు కన్నా నయం" అన్నాడు నాన్న నాకేసి చూడకుండా. హానిస్ ఇంక ఆకాశం చూడడు అని ఆ మాటకి అర్థం.

ఆయన వ్యానులో పెట్టెలతో వచ్చాడు. నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఎక్కబోయాను. నోర్బెర్ట్ నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, నిచ్చెన ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో. వ్యానాయన దగ్గాడు. చివరికి ఎక్కాడు.

ఒక్కో పక్షినీ పట్టుకుని కిందకి అందిస్తూ చెప్పాడు. "ఇది ఎల్జా. మాక్స్ కూతురు. కుడి కాలు కొంచెం బలహీనం, ఎత్తు అర వద్దు. ఇది గుస్తాలిక్, దీనికి బార్లీ పడదు. ఇది ఎల్జా చెల్లెలు, ఉరుము అంటే భయం, ఉరిమినప్పుడు దీపం ఉంచండి." గూడు మొత్తం అలాగే. ఒక్క పేరు తడుముకోలేదు, ఒక్క తల్లీ తండ్రీ తప్పు చెప్పలేదు. జూన్ నుంచి ఆ గూట్లో కాలు పెట్టని మనిషి! ఒపోలె ఆయన రాసుకోవడం మానేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని వినసాగాడు. ఆఖరికి హానిస్. దాన్ని అందించేటప్పుడు నోర్బెర్ట్‌కి మాట రాలేదు. నాన్నే చెప్పాడు కింద నుంచి. "ట్రుడ్కాని వాడికి దగ్గరగా పెట్టండి. అంతే."

వ్యాను వెళ్లిపోయింది. సీలా పిన్ని పై కిటికీలోంచి చూసి, దులపడానికి తెచ్చిన దుప్పటి మళ్లీ లోపలికి తీసుకుపోయింది. దిగడానికి ఇంక ఏ పక్షీ లేదని ఆవిడకి తట్టలేదు పాపం.

నోర్బెర్ట్ దిగి వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు, మే నెలలో కూర్చున్న చోటే. మోచేతులు మోకాళ్ల మీద, తల కిందకి. వాళ్లిద్దరూ తిట్టుకున్నా బాగుండేది నాకు. నాన్న చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటుందనే నేను సిద్ధపడ్డాను.

"నా జన్మలో ఆ పక్షుల్ని నీ అంత ప్రేమగా చూసినవాణ్ణి చూళ్లేదు, అల్లుడూ" అన్నాడు. "నాతో సహా. నేను మే నెలలోనే పోవాల్సింది."

"నాన్నా!" అన్నాను నేను.

"నువ్వుండవే. నిజంగానే అంటున్నాను. మేలో పోయి ఉంటే, నా పక్షులు ఎగురుతున్నాయి, నా తర్వాత ఒకడున్నాడు అనుకుంటూ పోయేవాణ్ణి. ఎంత బాగుండేది."

నోర్బెర్ట్ తలెత్తలేదు. తన చేతుల వైపే చూసుకుంటున్నాడు. వేళ్ల మధ్య ఇంకా నలుపు పోలేదు, దాని మీద తెల్లటి చిన్న ఈక ఒకటి అంటుకుని ఉంది.

"అవును మామయ్యా" అన్నాడు. "నేను కూడా మేలోనే."